ఇరవై ఏండ్ల తరువాత దొరికిన పాట

పెద్దలు పాడిన పాట పిల్లలకు దానంతటదే సంక్రమిస్తుందని అనుకోవటం కద్దు. ఇల్లూ, పొలమూ, ఇంటిపేరూ సంక్రమించినట్లు పాట సంక్రమించదు. నడుమ ఎవరో ఒకరు దానిని మోసుకొని రావలె. తెచ్చినప్పుడు అందుకొనటానికి చేయి చాచినవారు ఉండవలె. ఈ రెండూ కుదరనిచోట ఎంతటి పాటయినా ఒక తరంతోనే మూగవోతుంది. రాక్ అనే పేర ప్రసిద్ధి పొందిన పాశ్చాత్య గానం విషయంలో ఈ మాట మరింత నిజం. అది పుట్టటమే యువకుల గానంగా పుట్టినది. తల్లిదండ్రులకు నచ్చకపోవటం దాని సహజగుణాలలో ఒకటిగా ఉండేది. అటువంటి గానానికి 1980 దశకంలో అమెరికా రేడియో కేంద్రాలు క్లాసిక్ రాక్ అని పేరు పెట్టి, నడివయస్సు వచ్చిన శ్రోతలకు వారి యౌవనాన్ని తిరిగి వినిపింపసాగాయి. విచిత్రమేమంటే, ఆ కేంద్రాలు ఎవరిని ఉద్దేశింపలేదో ఆ పిల్లలే, వారి పిల్లలే, నేడు ఆ పాటలను తమవిగా వింటున్నారు. తాతల వయస్సు గాయకుల బొమ్మలు అచ్చువేసిన చొక్కాలు తొడుక్కొని మనుమలు కళాశాలలకు పోతున్నారు.

దీనికంతకూ కారణం యంత్రాలేనని చెప్పి ఊరుకోవటం సులభం. వేలకొలది పాటలు నేడు అరచేతిలో ఇముడుతున్న మాట నిజమే. కాని యంత్రం పాటను అందుబాటులో ఉంచగలదే గాని, దానిని వెదకవలెననే బుద్ధిని పుట్టించలేదు. ఆ బుద్ధి యంత్రాలకంటె పాతది. అసలు రాక్ గానం పుట్టుకలోనే ఇటువంటి వెదకులాట ఒకటి ఉన్నది. మిసిసిపీ సీమకు చెందిన నల్లజాతి గాయకుడు రాబర్ట్ జాన్సన్ 1936, 1937 సంవత్సరాలలో టెక్సాస్ రాష్ట్రంలో కొన్ని పాటలు రికార్డు చేసి, 1938లో చనిపోయాడు. ఆయనను ఎరిగినవారే తక్కువ. 1961లో కొలంబియా కంపెనీ ఆ పాటలు కొన్నింటిని ఒక పెద్ద రికార్డుగా మళ్ళీ వెలువరించినది. సముద్రానికి ఆవల ఇంగ్లండులో దానిని విని ఉలిక్కిపడిన కుర్రవాండ్రలో ఎరిక్ క్లాప్టన్, కీత్ రిచర్డ్స్ ఉన్నారు. జాన్ హర్ట్ అనే మరియొక మిసిసిపీ గాయకుని కథ ఇంకా వింత. 1928లో ఆయన రికార్డు చేసిన పాటలలో ఒకదానిలో అవలాన్ అనే తన ఊరిపేరు చెప్పుకున్నాడు. ముప్పది అయిదేండ్ల తరువాత, 1963లో, ఆ ఒక్క మాటను ఆధారం చేసుకొని ఒక యువ సేకర్త ఆ ఊరు వెదకుకొంటూ పోయాడు. ముసలివాడు అక్కడనే ఉన్నాడు. ఆ సంవత్సరమే న్యూపోర్టు జానపదగానోత్సవంలో వేలమంది యువకుల ఎదుట పాడి, మూడేండ్లపాటు రెండవ జన్మ అనుభవించి, 1966లో కన్నుమూశాడు.

కాబట్టి యువతరం వెనుకటి తరం పాటను తవ్వి తీయటం ఈ గానానికి పుట్టుకతో వచ్చిన అలవాటు. భారతదేశంలో, మన సోదర భాషలలో ఒకదానిలో, ఇదే జరిగిన తీరు మరింత శ్రద్ధగా పరిశీలింపదగినది. ఎందుకంటే ఇక్కడ పాట దొరకటమే కాదు, దొరికిన పాట ఎవరిది, ఏ కాలానిది అనే ప్రశ్నలు కూడా దానితోపాటు లేచాయి. అది జరిగినది కలకత్తాలో. ఆ పాటలు పాడిన బృందం పేరు మహీనేర్ ఘోడాగులి; అనగా మహీనుని గుర్రాలు.

కలకత్తాకు ధ్వనిముద్రణతో చుట్టరికం పాతది. 1902లో గౌహర్ జాన్ కంఠం రికార్డుకెక్కినది ఆ నగరంలోనే. రికార్డులు అచ్చుపడేది జర్మనీ దేశపు హానోవరులో. అక్కడి పనివారికి పాట ఎవరిదో తెలియటం కొరకు ఆమె పాట ముగియగానే తన పేరు ఇంగ్లీషులో స్పష్టంగా చెప్పేది. 1908లో గ్రామఫోన్ కంపెనీ సియాల్దాలోనే రికార్డుల కర్మాగారం నెలకొల్పినది. తరువాత అది డమ్ డమ్‌కు మారినది. ఇంత సదుపాయం ఉన్న నగరంలో పాటకు కాపలా కూడా అంత గట్టిగానే ఉండేది. రవీంద్రుని పాటలను ఎట్లు పాడవలె, వెనుక ఏ వాద్యాలు ఎంతవరకు మ్రోగవలె అనేది విశ్వభారతి సంగీతమండలి నిర్ణయించేది. దేబబ్రత విశ్వాస్ వంటి మహాగాయకుడు వాద్యాల వాడుక విషయంలో ఆ మండలితో విభేదించి, చివరకు రవీంద్రసంగీతం రికార్డు చేయటమే మానుకున్నాడు. పియానో, వయొలిన్ వంటివే ఆక్షేపణకు గురి అయిన ఇళ్ళలో విద్యుత్తు గిటారుకు ఎటువంటి స్వాగతం లభించి ఉంటుందో ఊహించుకోవచ్చును.

అదే నగరంలో, కొద్ది దూరంలో, వేరొక లోకం ఉండేది. పార్క్ స్ట్రీటులోని ట్రింకాస్, మూలాన్ రూజ్ వంటి భోజనశాలలలో రాత్రిపూట వాద్యబృందాలు ఇంగ్లీషు పాటలు పాడేవి. వాద్యకారులలో ఆంగ్లో ఇండియనులు ఎక్కువ. 1970 ప్రాంతంలో దేశమంతటా ఇటువంటి బృందాలు ఉండేవి. సిమ్లా అనే సిగరెట్టు పేర పోటీలు జరిపి, నెగ్గినవారి పాటలతో 1970లోను, 1971లోను రికార్డులు తెచ్చారు. కొన్ని దశాబ్దాలు గడిచిన తరువాత విదేశాలలోని రికార్డు సేకర్తలు వీటిని ఆసక్తితో వెదకి పట్టుకున్నారు. కాని దొరికినవన్నీ బ్రతికినవి కావు. ఆ రికార్డులు అపురూప వస్తువులయినాయి. వాటిలోని పాటలు మాత్రం ఏ తరం యువకుల నోటా నిలవలేదు. పరదేశపు గొంతును ఎంత చక్కగా అనుకరించినా, దానిలో పాడినవాని వీధి వినబడకపోతే, రేపటి శ్రోతకు అందులో వెదకుకొనటానికి ఏమి మిగులుతుంది?

గౌతం చట్టోపాధ్యాయ ఈ రెండు లోకాలకూ చెందినవాడు. ప్రెసిడెన్సీ కళాశాల విద్యార్థి. పార్క్ స్ట్రీటులో ఆంగ్లో ఇండియను మిత్రులతో కలిసి గిటారు వాయించినవాడు. అప్పటి బెంగాలులో అనేకమంది మేధావి యువకులవలెనే నక్సలైటు ఉద్యమం వైపు మొగ్గి, చెరసాల అనుభవించి, కొంతకాలం ఊరు విడిచి ఉండవలసి వచ్చినవాడు. శ్రీకాకుళపు కొండలలో ఆ రోజులలో ఏమి జరిగినదో ఎరిగిన తెలుగు పాఠకులకు ఆ తరం వారి మనఃస్థితిని వివరించి చెప్పనక్కరలేదు. ఓటమి పొందినవారికి నినాదాలమీద విసుగు పుడుతుంది, పాటమీద పుట్టదు. కలకత్తాకు తిరిగివచ్చిన తరువాత, 1975 ప్రాంతంలో, గౌతం తన బంధువులనూ మిత్రులనూ కూడగట్టాడు. విశ్వనాథ్, ప్రదీప్ చట్టోపాధ్యాయలు, రంజన్ ఘోషాల్, తాపస్ దాస్, తపేశ్ బందోపాధ్యాయ, అబ్రహాం మజుందార్ అతనితో చేరగా ఏడుగురయినారు. ఏడుగురు కాబట్టి మొదట సప్తర్షి అని పేరు పెట్టుకున్నారు. మరికొన్ని పేర్లూ మార్చారు. చివరకు రంజన్ ఘోషాల్ సూచించగా మహీనేర్ ఘోడాగులి అనే పేరు స్థిరపడినది.

ఈ పేరు జీవనానంద దాస్ రచించిన ఘోడా అనే కవితలోనిది. ఆ కవిత 1948 నాటి సాతటి తారార్ తిమిర్ సంపుటంలో ఉన్నది. కార్తికమాసపు వెన్నెలలో మేత మేస్తున్న గుర్రాలు ఆ కవితలో ఒకేసారి నేటివిగాను, ప్రాచీన శిలాయుగానివిగాను కనిపిస్తాయి. మహీనుడెవరో కవి చెప్పడు. పాటల బృందానికి ఇంతకంటె అస్పష్టమైన పేరు దొరకదు. ఇంతకంటె తగిన పేరు కూడా దొరకదు. జీవనానందుని రచనల చరిత్రే ఆలస్యంగా కనుగొనబడిన రచనల చరిత్ర. 1954 అక్టోబరులో ట్రాము క్రింద పడి ఆయన మరణించేనాటికి ఆయన రచనలలో గొప్ప భాగం పెట్టెలలోనే ఉండిపోయినది. సాహిత్య అకాడమీ పురస్కారం 1955లో, ఆయన మరణానంతరం వచ్చినది. రూపసీ బాంగ్లా 1957లో వెలువడినది. మాల్యవాన్ వంటి నవలలు లోకం చూచినది 1970 దశకంలో. అనగా ఈ ఏడుగురూ పాటలు కట్టుకొంటున్న కాలంలోనే. తమకు పూర్వపు కవిని తమ సమకాలికునిగా చదువుకొన్న ఈ యువకులు, తమ గతి కూడా అదే కానున్నదని అప్పుడు ఎరుగరు.

వారి గానం స్వభావమేమి? బాబ్ డిలన్, బీటిల్సు బృందం వారిని కదిలించిన మాట నిజం. అయినా వారు పార్క్ స్ట్రీటులో వలె ఇంగ్లీషులో పాడలేదు. బాఉల్ భిక్షుగాయకుల బాణీని జాజ్ వాద్యధోరణితో ముడివేశారు. గిటారుల ప్రక్కన వయొలిన్, పిల్లనగ్రోవి వినబడేవి. పాటల్లో ప్రేయసీ, వెన్నెలా ఉండేవి. కాని ట్రాము తీగలు, కలతపడిన పక్షులు, నగరపు ఒంటరితనం కూడా ఉండేవి. 1977లో మొదటి రికార్డు, సంవిగ్న పాఖికుల్ ఓ కలకాతా విషయక్, వచ్చినది. 1978లో అజానా ఉడంత్ బస్తు, 1979లో దృశ్యమాన్ మహీనేర్ ఘోడాగులి వెలువడ్డాయి. మూడింటిలోను కలిపినా పాటలు వ్రేళ్ళమీద లెక్కింపవచ్చును. స్టార్ థియేటరు, రవీంద్రసదనం వంటి చోట్ల కచ్చేరీలు చేశారు. ఒక చిన్న వర్గం ఆదరించినది. తక్కిన నగరం వినలేదు. విన్నవారిలో పలువురు ఇది పాటేనా అని ఈసడించారు. 1981లో బృందం విడిపోయినది. ఒకరు బెంగుళూరుకు, ఒకరు అమెరికాకు, ఒకరు ఇంజనీరు ఉద్యోగానికి, అబ్రహాం మజుందార్ పాశ్చాత్య సంగీత బోధనకు. గౌతం సినిమాలవైపు తిరిగి 1983లో నాగమతి తీశాడు. దానికి జాతీయ పురస్కారం లభించినది. గుర్రాలు ఎటు పోయాయో అడిగినవారు లేరు.

ఆ తరువాతి పదిపన్నెండు సంవత్సరాల సంగతి చరిత్రకారునికి చిక్కు. వార్తలు లేవు, కొత్త రికార్డులు లేవు, పాతవి అంగళ్ళలో లేవు. అయినా పాటలు పూర్తిగా నశించలేదు. ఎట్లు నిలిచాయి? దీనికి సమాధానంలో కొంత భాగం కాసెట్టులో ఉన్నది. 1980 దశకంలో దేశమంతటా రికార్డుపళ్ళెం స్థానాన్ని కాసెట్టు ఆక్రమించుకొన్నది. పళ్ళెం అచ్చువేయవలెనంటే కర్మాగారం కావలె. కాసెట్టుకు రెండు యంత్రాలూ ఒక తీగా చాలును. పెద్ద కంపెనీ దయ లేకుండానే పాట చేతులు మారటం సాధ్యమయినది. ఒకరివద్ద అరిగిపోయిన రికార్డు ఉంటే పదిమంది దానినుండి ప్రతి తీసుకొనేవారు. ఆ ప్రతినుండి మరి పదిమంది. ప్రతికి ప్రతి తీసిన కొద్దీ గొంతు సన్నగిల్లి, రొద హెచ్చేది. వ్రాతప్రతులు పరిష్కరించేవారికి ఇది కొత్త కాదు: లేఖకుడు మారిన ప్రతిచోటా పాఠం కొంత చెడుతుంది, చెడినప్పటికీ గ్రంథం బ్రతుకుతుంది. మిగిలిన సమాధానం గిటారులో ఉన్నది. విద్యార్థులు నలుగురు కూర్చొన్నచోట గిటారుమీద పాడుకోదగిన బెంగాలీ పాటలు చాల తక్కువగా ఉండేవి. ఉన్నకొద్దిలో ఇవి ఉన్నాయి.

నేల సిద్ధపడినది 1992లో. ఆ సంవత్సరం సుమన్ చట్టోపాధ్యాయ, తరువాతి పేరు కబీర్ సుమన్, తొమాకే చాయీ అనే కాసెట్టుతో బెంగాలీ గానాన్ని ఒక్క కుదుపు కుదిపాడు. గిటారు పట్టి ఒంటరిగా నిలిచి, వాడుకమాటలతో, నేటి నగరాన్ని గూర్చి పాడవచ్చునని ఆయన నిరూపించాడు. వెనువెంటనే నచికేత, అంజన్ దత్ వచ్చారు. క్యాక్టస్, చంద్రబిందు వంటి బృందాలు ప్రజల చెవిని పడసాగాయి. సినిమాపాటకూ రవీంద్రసంగీతానికీ వెలుపల కూడా బెంగాలీ పాట ఉండవచ్చునని ఎరిగిన యువకులు, తమకు పూర్వం ఈ దారిని ఎవరైనా నడిచారా అని వెనుకకు తిరిగి చూశారు. ప్రతి కొత్తతరానికీ తండ్రులమీద తిరుగబడటానికి ఒక తాత అవసరం. ఆ తాత వారికి గౌతం చట్టోపాధ్యాయ రూపంలో దొరికాడు. అప్పటికి ఆయన ఏబది దాటనైనా దాటలేదు.

1995లో కలకత్తా పుస్తక ప్రదర్శనలో ఒక కాసెట్టు విడుదలయినది. పేరు ఆబార్ బఛర్ కుడి పరే; మళ్ళీ ఇరవై ఏండ్ల తరువాత అని అర్థం. ఈ మాటలు కూడా జీవనానందునివే. పాటల కాసెట్టును సంగీతపు అంగడిలో కాక పుస్తకాలనడుమ విడుదల చేయటంలోనే ఒక ఉద్దేశం కనబడుతున్నది. అంతకంటె ముఖ్యమైనది దానిపై అచ్చువేసిన మాట. మహీనేర్ ఘోడాగులి పాడిన పాటలని వేయలేదు. మహీనేర్ ఘోడాగులి సంపాదిత బాంగ్లా గాన్ అని వేశారు. సంపాదిత అనగా బెంగాలీలోను, హిందీలోను, కూర్చి పరిష్కరించినది, ఒక సంపాదకుని చేతిమీదుగా వెలువడినది. గౌతం పాత మిత్రులను ప్రోగుచేసి పాతబృందాన్ని తిరిగి నిలబెట్టలేదు. కొత్త గాయకులను, క్రాస్‌విండ్స్ వంటి కొత్త బృందాలను పిలిచి, తమవి కొన్ని, ఇతరులవి కొన్ని, పాతవీ కొత్తవీ కలిపి వారిచేత పాడించి, తాను సంపాదకుడై వెనుక నిలిచాడు. 1996లో ఝరా సమయేర్ గాన్, 1997లో మాయా, ఆ తరువాత ఖ్యాపార్ గాన్ ఇదే పద్ధతిన వచ్చాయి.

తెలుగులో ఈ మాటకు మరియొక అర్థం ఉండటం అనువాదకులకు ఇబ్బందీ, ఆనందమూ కూడా. మనకు సంపాదకుడనగా పత్రికను, గ్రంథాన్ని తీర్చేవాడే. కాని సంపాదించటమనగా కష్టపడి గడించటం. కలకత్తా కాసెట్టుమీది మాటకు మొదటి అర్థమే సరియైనది. అయితే ఆ కాసెట్టు విన్న కుర్రవాండ్ర పక్షాన చూస్తే రెండవ అర్థం కూడా తప్పు కాదు. వారికి ఆ పాటలు సంక్రమించినవి కావు, వారు సంపాదించుకొన్నవి.

ఇక్కడనే ఒక చరిత్రసమస్య ఎదురవుతున్నది. 1995 కాసెట్టులో మిక్కిలి ప్రసిద్ధి పొందిన పాట పృథిబీటా నాకి అని మొదలయ్యేది. దీనిని 1970 దశకపు పాటగా భావించి, ఆ కాలంలోనే ఇంత దూరదృష్టి ఉన్నదా అని ఆశ్చర్యపడిన యువశ్రోతలు పలువురున్నారు. కాని పాట తన వయస్సును తానే చెబుతున్నది. ప్రపంచం నానాటికీ చిన్నదై, ఉపగ్రహానికీ కేబులు తీగకూ చిక్కి, ముందుగదిలోని టెలివిజను పెట్టెలో బందీ అయినదని అందులోని బాధ. భారతదేశపు ఇళ్ళలోకి ఉపగ్రహ ప్రసారాలు ప్రవేశించినది 1991లో, గల్ఫు యుద్ధకాలంలో. ఆ ఏడే స్టార్ ప్రసారాలు, 1992లో జీ హిందీ ప్రసారాలు మొదలయినాయి. ఈ పదాలు 1977లో వ్రాయదగినవి కావు. శాసనంలో కనబడిన ఒక నాణెం పేరునుబట్టి దాని కాలాన్ని నిర్ణయించినట్లు, ఈ పాట కాలాన్ని ఆ ఒక్క తీగనుబట్టి నిర్ణయింపవచ్చును.

అయితే యువకులు మోసపోయారా? తొందరపడి ఆ తీర్పు చెప్పటం న్యాయం కాదు. వారు 1970 దశకాన్ని వింటున్నామనుకొని తమ కాలాన్నే విన్నారు. తమ కాలపు దిగులుకు ఇరవై ఏండ్ల పూర్వపు అధికారం ఉన్నదని నమ్మటం వారికి బలాన్ని ఇచ్చినది. కాని దీనివలన నష్టం కూడా జరిగినది. అసలు 1977–79 నాటి రికార్డులు, వాటి గరుకుదనంతో, తడబాటుతో, ధైర్యంతో సహా, 1995 తరువాతి నునుపైన ముద్రణల వెనుక మరుగున పడ్డాయి. మహీనేర్ ఘోడాగులి పేరు ఎరిగినవారిలో చాలమందికి తెలిసినది సంపాదిత రూపమే. మూలపాఠం చదవనివారు పరిష్కృత పాఠాన్నే మూలమనుకొనటం సాహిత్యంలో ఎంత సాధారణమో పాటలోను అంతే. పాత పళ్ళెంనుండి వచ్చే గొంతు వినక, దానిని గూర్చిన కీర్తిని మాత్రం వినేవానిని కనుగొన్నవాడని ఎట్లు అనగలం?

బెంగాలీ మాటలాడే రెండవ దేశంలో కథ వేరుగా నడిచినది. బంగ్లాదేశంలో 1971 ముక్తియుద్ధంలో తుపాకి పట్టి పోరాడిన ఆజం ఖాన్, యుద్ధం ముగియగానే గిటారు పట్టి ఢాకాలో పాడటం మొదలుపెట్టాడు. అతని తరువాత ఒకరివెంట ఒకరుగా బృందాలు వచ్చాయి. కలకత్తాలో వలె అక్కడ పన్నెండేండ్ల మౌనం లేదు. పాట చేతినుండి చేతికి అందినది. ఢాకా యువకులు తమ పెద్దలను తవ్వి తీయనక్కరలేకపోయినది, వారు వేదికమీదనే ఉన్నారు. ఆజం ఖాన్ 2011లో మరణించాడు. 2019లో ఆ దేశం ఏకుశే పదక్ బిరుదుతో గౌరవించినది. ఆ ధారలోనివాడే నగర్ బాఉల్ బృందపు గాయకుడు జేమ్స్.

2006లో విడుదలయిన గ్యాంగ్‌స్టర్ అనే హిందీ చిత్రంలో సంగీతదర్శకుడు ప్రీతం ఈ జేమ్స్ చేత ఒక పాట పాడించాడు. భీగీ భీగీ అని మొదలయ్యే ఆ పాట ఆ సంవత్సరం ఉత్తరభారతమంతటా మ్రోగినది. బాణీ పృథిబీటా నాకిదే. మారినది మాట. టెలివిజను పెట్టెలో చిక్కిన ప్రపంచాన్ని గూర్చి, మనిషికీ మనిషికీ నడుమ పెరిగిన దూరాన్ని గూర్చి పుట్టిన వరుస, హిందీలో వానరాత్రుల విరహగీతమయినది. అనువాదమని దీనిని అనరాదు, అద్దెయిల్లు అనవచ్చును. గోడలు అవే, కాపురం వేరు. హిందీ విరహగీతం తక్కువదని దీని భావం కాదు. ఆ గొంతులోని గరగర, ఆ వేదన నిజమైనవే. హిందీలో తడిసిన రాత్రి అనే పలుకుకు ఉన్న కవితాపరంపర చాల పెద్దది. అది ఆ బాణీమీద చక్కగా ఒదిగినది. కాని మూలంలో శ్రోతను ఇబ్బందిపెట్టే ఒక ప్రశ్న ఉన్నది. హిందీలో శ్రోతను ఓదార్చే ఒక నిట్టూర్పు ఉన్నది. ప్రశ్న పోయి నిట్టూర్పు మిగలటం చిన్న మార్పు కాదు.

హిందీ శ్రోతలలో ఎక్కువమంది దానిని ఒక కొత్త సినిమాపాటగానే విన్నారు. బెంగాలీ మాతృభాషగా గల గాయకుడు, బెంగాలీ బాణీని, హిందీలో పాడుతున్నాడని వారికి తెలియవలసిన అవసరం కలుగలేదు. ప్రపంచం చిన్నదైపోయినదని వాపోయిన పాట, ఆ చిన్నతనం పుణ్యమా అనే ఢాకా గొంతుతో బొంబాయి చిత్రంలో చేరి కోట్లమంది ఇళ్ళలోని పెట్టెలకు చేరుకొన్నది. గౌహర్ జాన్ పాట చివర పేరు చెప్పటం మనకు ఇప్పుడు నవ్వు తెప్పించవచ్చును. కాని పాట ఇంతదూరం ప్రయాణించేటప్పుడు, దాని చివర ఎవరైనా ఒక పేరు చెబితే బాగుండుననిపించక మానదు.

అయినా ఆ దారినే వెనుకకు నడిచినవారున్నారు. హిందీపాట విని బాణీ మూలం అడిగి, 1995 కాసెట్టు చేరి, అక్కడనుండి 1977 నాటి రికార్డు వరకు పోయినవారు ఒక్క బెంగాలీలే కారు. ఇది కలకత్తా కుర్రవాండ్రు మొదట చేసిన ప్రయాణానికి సరిగా తలక్రిందులు. వారు గురువును వెదకి పాటను చేరారు. వీరు పాటను పట్టుకొని గురువును చేరారు. అప్పటికి గురువు లేడు. గౌతం చట్టోపాధ్యాయ 1999 జూన్ 20న మరణించాడు. తన బాణీకి హిందీలో పట్టిన అదృష్టాన్ని ఆయన చూడలేదు. ఆయన కుమారుడు గౌరవ్ అప్పటికే లక్ఖీఛాడా అనే బృందంలో తాళవాద్యకారుడయినాడు. ఈ ఒక్క ఇంటిలో మాత్రం పాట ఆస్తివలె సంక్రమించినదనవచ్చును.

రంజన్ ఘోషాల్ 2020లో కన్నుమూశాడు. తాపస్ దాస్‌కు శ్వాసకోశపు క్యాన్సరు సోకినదని తెలిసిన తరువాత, చికిత్స ఖర్చుకొరకు యువ సంగీతకారులు, శ్రోతలు చందాలు సేకరించారు. రాష్ట్రప్రభుత్వం కూడా చికిత్సకు పూనుకొన్నది. 1979లో రికార్డు కొనటానికి ముందుకురాని నగరంలో, నలుబది నాలుగేండ్ల తరువాత, ఆ రికార్డు వచ్చేనాటికి పుట్టనైనా పుట్టని పిల్లలు గాయకుని వైద్యానికి డబ్బు కూడబెట్టారు. 2023 ప్రారంభంలో ఆయన ముక్కున అమర్చిన గొట్టంతోనే వేదికనెక్కి వారికొరకు పాడాడు. ఆ సంవత్సరం జూన్ 25న మరణించాడు.